సాయంత్రం అయిదింటి కొలత

మా కోడలి పొట్ట ఉదయం ఎనిమిదింటికి బాగానే ఉండేది. ఆ మాట నేను ఒప్పుకుంటాను. రాత్రంతా మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకున్న మనిషి లేచి, నడుముకు బిగించిన బెల్టు విప్పి కిటికీ ఎదుట నిలబడితే, కుట్టు గీతకు పైన కొద్దిపాటి ఉబ్బు తప్ప వంక పెట్టడానికేమీ కనిపించేది కాదు. పదకొండయ్యేసరికి బెల్టు అంచు చర్మంలోకి దిగబడేది. రెండింటికి ఆమె కూర్చోవడం మానేసి గోడకు ఆనుకునేది. అయిదింటికి అదే పొట్ట డోలులా బిగిసి, బొడ్డుకు దిగువన కుడివైపు ఏదో సంచి కట్టి వేలాడదీసినట్టు బరువుగా జారేది. ఆపరేషన్ చేసిన క్లినిక్ వాళ్లు తొమ్మిది వారాల పాటు చూసింది ఎనిమిది గంటల పొట్టను మాత్రమే. అయిదు గంటల పొట్టను మోసింది ఆమె ఒక్కతే.

మా కోడలు సిటీ బస్సు డ్రైవరు. పదకొండేళ్ల సర్వీసు. ఏడేళ్ల కిందట కవల ఆడపిల్లలు పుట్టినప్పుడు ఆమె పొట్ట కండరాలు నడిమికి రెండుగా విడిపోయాయి, మళ్లీ కలవలేదు. మంచం మీంచి లేవబోతే పొట్ట మధ్యలో నిలువుగా ఒక మిట్ట పైకి లేచేది. బస్సెక్కిన ఆడవాళ్లు జాలిపడి, ఎన్నో నెలమ్మా అని అడిగేవారట. ఏడేళ్లుగా మోస్తున్నానండీ, వీళ్లకింకా నెలలు నిండలేదు అని చెప్పి ఆమె బస్సంతటినీ నవ్వించేది. ఇంటికొచ్చాక నవ్వేది కాదు. పొట్టలో పట్టు లేకపోవడంతో బరువంతా నడుము మీద పడి, చెప్పులు విప్పడానికి కూడా పిల్లలను పిలిచేది. వ్యాయామాలు చేసింది, వైద్యాలు మార్చింది. చివరికి ఆ సర్జను విడిపోయిన కండరాలను కలిపి కుట్టి, వేలాడుతున్న చర్మం తీసేస్తానన్నాడు. దాన్ని టమ్మీ టక్ అంటారు. ఆ పేరే ఆమెకు శత్రువైంది. నడుము కోసం అని చెబితే ఎవరూ వినలేదు. అందరికీ వినిపించింది అందం కోసం అని.

వినిపించుకోని వాళ్లలో నేనే మొదటిదాన్ని. భోజనాల దగ్గర, పిల్లల ముందే, "పొట్ట కనపడకూడదని పొట్టే కోయించుకుంటారా ఎవరైనా?" అన్నాను. ఆమె కంచం తీసుకెళ్లి సింకులో పెట్టింది. మా వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. ఆ రోజు మాత్రం చేయి కడుక్కుని వచ్చి, "అమ్మా, తను నీకు చెప్పింది, నిన్ను అడగలేదు" అన్నాడు. అది నా చెవికెక్కలేదు.

ఆపరేషన్ జరిగింది. రెండువైపులా గొట్టాలు పెట్టారు, వాటి చివర చిన్న సీసాలు. పన్నెండో రోజున సీసాల్లోకి వచ్చే నీరు తగ్గిందని గొట్టాలు తీసేశారు. ఒత్తిడి బెల్టు ఇచ్చారు. ఒక కాగితమూ ఇచ్చారు. బరువులెత్తకూడదు, వంగకూడదు వంటివన్నీ రాసి, చివర మందపాటి అక్షరాలతో ఒక నియమం రాశారు: ప్రతి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, లేచిన వెంటనే, బెల్టు తీసి, కిటికీ వెలుగులో ఫొటో తీసి ఫోనుకు పంపవలెను. ఫొటోలన్నీ ఒకే తీరుగా ఉండాలని ఆ నియమమట.

ఆమె పంపింది. ఒక్క సోమవారం కూడా తప్పలేదు. ఆవలి వైపు ఫోను చూసుకునే అమ్మాయి ప్రతిసారీ పది నిమిషాల్లో జవాబిచ్చేది: చాలా బాగుంది, వాపు సహజం, ఓపిక పట్టండి. నాలుగో వారంలో మా కోడలు, సాయంత్రాలు బాగా ఉబ్బుతోంది, కుడివైపు బరువుగా ఉంటోంది అని రాసింది. వాపు సహజం, ఉప్పు తగ్గించండి అని వచ్చింది. అయిదో వారంలో సాయంత్రం తీసిన ఫొటో పంపింది. ఆ అమ్మాయి దాన్ని తిప్పి పంపి, ఉదయం ఎనిమిదింటి ఫొటో మాత్రమే పంపగలరు అంది. అప్పటికి మా ఇంట్లో ఉప్పు వేసిన వంట మూడు గిన్నెల్లో ఒక్కదానికి తగ్గింది. పిల్లలిద్దరూ మొహాలు వేలాడేసుకుని తినేవారు.

ఆరో వారంలో స్వయంగా రమ్మన్నారు, పొద్దున తొమ్మిదిన్నరకు. సర్జను ఆమెను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుట్టు మీద వేలు రాసి, చాలా చక్కగా మానిందని మెచ్చుకున్నాడట. సాయంత్రాల సంగతి ఆమె మొదలుపెట్టేలోపే సిస్టర్ తర్వాతి పేరు పిలిచింది. బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒక సర్టిఫికెట్టు ఉంది: వాహనం నడపడానికి అన్ని విధాలా యోగ్యురాలు.

ఆ కాగితంతో ఆమె డ్యూటీకి వెళ్లింది. ఉదయం డ్యూటీ ఇచ్చిన రెండు వారాలూ పళ్ల బిగువున లాక్కొచ్చింది. తొమ్మిదో వారంలో మధ్యాహ్నం డ్యూటీ పడింది. రెండింటికి ఎక్కితే పదింటికి దిగాలి. ఆ సోమవారమే అయిదున్నర ప్రాంతంలో, రద్దీ కూడలిలో ఎవరో సైకిలు మీద అడ్డంగా వచ్చారు. ఆమె బ్రేకు తొక్కింది. సీటు బెల్టు పొట్ట మీద బిగుసుకుంది. నొప్పికి కాలు బ్రేకు మీంచి జారింది. ఒక్క క్షణమే. సైకిలు మనిషి తిట్టుకుంటూ వెళ్లిపోయాడు, అతనికేమీ కాలేదు. ఆమె బస్సును తర్వాతి స్టాపులో ఆపి, ప్రయాణికులను వెనక వచ్చే బస్సు ఎక్కించి, డిపోకు ఫోను చేసి, తనిక నడపలేనని చెప్పేసింది.

డిపో కంట్రోలరు చెడ్డవాడేం కాదు, కాగితాల మనిషి. మరునాడు ఆమెను కూర్చోబెట్టి ఫైలు తెరిచి చూపించాడు. నీ డాక్టరే నడపగలవంటున్నాడు, నువ్వు నడపలేనంటున్నావు. నేను ఎవరి మాట నమ్మాలి అని అడిగాడు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న ఒకడు, "అందం తెచ్చుకుందిగా మేడమ్, ఇప్పుడు స్టీరింగుకు తగిలితే నలుగుతుందేమో" అన్నాడట. నలుగురు నవ్వారట. కంట్రోలరు నవ్వలేదు, ఆపనూ లేదు. వారం గడువు ఇచ్చాడు. వచ్చే మంగళవారంలోగా నడపలేనని డాక్టరు చేత రాయించి తెస్తే సెలవు. తేకపోతే సీటెక్కాలి. ఎక్కనంటే డ్రైవర్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు.

ఇదంతా ఆమె నాతో చెప్పలేదు. నాతో ఎందుకు చెబుతుంది? మా వాడితో వంటింట్లో చెబుతుంటే హాల్లో కూర్చున్న నాకు వినిపించింది. చివర ఆమె అన్న మాట కూడా వినిపించింది.

"మంగళవారం ఎక్కేస్తాను. ఇంకేం చెయ్యను? అందరూ బాగుందంటున్నారు. బాగాలేనిది నేనేనేమో."

ఆ క్షణాన కూడా నేను లేవలేదు. బస్సులో అరవైమంది ఉంటారు, కూడలిలో సైకిళ్లుంటాయి, సీటు బెల్టు కింద ఆ పొట్ట ఉంటుంది అని తెలిసి కూడా, కోరి తెచ్చుకున్న కష్టం అనే మాట ఒకటి నా నాలుక మీద సిద్ధంగానే ఉంది.

కాసేపటికి మా వాడు పిల్లలను తీసుకుని బయటికెళ్లాడు. ఆమె గదిలోంచి, అత్తయ్యా ఒకసారి వస్తారా అని పిలిచింది. బెల్టు వెనక కొక్కేలు తనకు అందడం లేదు. ఉదయం అందే కొక్కేలు. నేను వెళ్లి రెండు చివర్లూ పట్టుకుని లాగాను, కలవలేదు. అమ్మాయ్, ఇటు తిరుగు అన్నాను. ఆమె తిరిగింది. పొట్ట ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగింది.

నేను ముప్ఫై రెండేళ్లు తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పనిచేశాను. పాల కేంద్రాలలో, నూనె దుకాణాలలో, పెట్రోలు బంకులలో కొలత పాత్రలు నింపించి, నీటిమట్టం కుదురుకునే దాకా కళ్లప్పగించి చూడడం నా వృత్తి. పాత్ర ఆగిన తర్వాత లోపలి ద్రవం ఎంతసేపటికి ఆగుతుందో నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. మళ్లీ తిప్పించాను. మళ్లీ అలాగే జరిగింది. నొప్పి పుడితే చెప్పు అని, కుడిపక్క అరచేయి ఆనించి, ఎడమపక్క వేలితో మెల్లగా తట్టాను. అల వచ్చి నా అరచేతికి తగిలింది.

అది కండ వాపు కాదు. లోపల నీరుంది.

అప్పుడు నాకు చేపల దుకాణం గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చేపల దుకాణం కాటాకు అయిదేళ్లు వరసగా ముద్ర వేశాను. ప్రతిసారీ ఉదయం ఏడింటికి వెళ్లాను, దుకాణం తెరిచే వేళకు, నా సౌకర్యం కోసం. రాళ్లు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఒక ఇల్లాలు తూకం తగ్గుతోందని నాలుగుసార్లు అర్జీ పెట్టింది. నాలుగుసార్లూ, తనిఖీ చేశాము, సరిగ్గా ఉన్నది అని జవాబు రాశాను. ఐదోసారి ఆవిడ ఆఫీసుకే వచ్చి, "మీరు పొద్దున చూస్తారమ్మా, నేను సాయంత్రం కొంటాను" అంది. ఆ సాయంత్రం వెళ్లి చూశాను. రోజంతా మంచు కరిగి, ఉప్పునీరు చేపలు పెట్టే పళ్లెం అడుగున బోలులో చేరి, ఉప్పు పేరుకుని, ఆ బరువు కూడా చేపల లెక్కలో పడి, కిలోకు అరవై గ్రాములు తినేస్తోంది. దుకాణదారుడికి ఆ సంగతి తెలుసు. రోజూ పొద్దున్నే కడిగేవాడు. నాకు తెలియదు, ఎందుకంటే నేను పొద్దున్నే వెళ్లేదాన్ని. ఆ నాలుగు జవాబుల మీద ఉన్నవి నా సంతకాలు.

క్లినిక్ మీద నాకు కోపం రాలేదని కాదు. కడుపు మండిపోయింది. కానీ ఆ మంటలో సగం నా మీదే.

ఇంట్లో ఉన్న గుడ్డ టేపు తీసి నా పాత ఉక్కు స్కేలు పక్కన పెట్టి చూశాను. సాగిపోయింది, మీటరుకు అర సెంటీమీటరు తేడా. పారేసి కొత్తది తెప్పించాను. బొడ్డుకు రెండు వేళ్ల కిందుగా, పక్కకు రెండువైపులా పెన్నుతో చుక్క పెట్టి, ప్రతి రోజూ ఎనిమిదింటికి, అయిదింటికి, నిలబెట్టి, ఊపిరి వదిలాక, మూడేసిసార్లు కొలిచాను. మంగళవారం సాయంత్రం మొదలుపెట్టాం. ఉదయపు అంకె ఎనభై ఏడు సెంటీమీటర్ల దగ్గరే నిలిచింది. సాయంత్రపు అంకె తొంభై ఒకటి, తొంభై ఒకటిన్నర, తొంభై రెండు, తొంభై మూడుకు కొంచెం తక్కువ. ఆపరేషన్ తర్వాత సాయంత్రాలు కాస్త వాచడం మామూలేనని నేను చదివాను, ఒప్పుకుంటాను. కానీ పదో వారం వస్తుంటే తగ్గవలసిన అంకె రోజురోజుకూ పెరుగుతోంది, అదీ కుడివైపే.

టేపు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న నన్ను చూసి మూడో రోజున ఆమె మొదటిసారి నవ్వింది. "నాకు కూడా ముద్ర వేస్తారా అత్తయ్యా?" అంది. సరిగ్గా ఉంటేనే అన్నాను.

శుక్రవారం నేనే క్లినిక్కుకు ఫోను చేశాను. సాయంత్రం అయిదింటికి రావాలి, డాక్టరుగారు చూడాలి అన్నాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, చూపించుకోవడానికి వచ్చేవాళ్లకు ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకానే అంది. మరి సాయంత్రాలు ఆయన ఏం చేస్తారని అడిగాను. సాయంత్రాలు కొత్తవాళ్లకండీ, ఆపరేషన్ గురించి తెలుసుకోవడానికి వస్తారు కదా అంది. అంటే ఇంకా కోయనివాళ్లకు సాయంత్రం, కోసేసినవాళ్లకు ఉదయం. ఆ ఏర్పాటు ఎవరు చేశారో గాని, చేపల దుకాణదారుడు వాళ్ల ముందు ఎందుకూ పనికిరాడు.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకు, పిలవని పేరంటాళ్లుగా, ఇద్దరం వెళ్లాం. గడువు మరునాడే. బస్సులోనే వెళ్లాం. ఆ డ్రైవరు మా కోడలిని గుర్తుపట్టి ముందు సీటు ఖాళీ చేయించాడు. ఆమె కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది, నా చేతి సంచి తన పొట్టకు అడ్డం పెట్టుకుని.

క్లినిక్ హాలు తెల్లగా, చల్లగా ఉంది. ఫోను అమ్మాయి మమ్మల్ని చూసి, రేపు పొద్దున రావచ్చు కదండీ అంది. రేపు పొద్దునకు నీరు సర్దుకుంటుందమ్మా, ఈ పూటే చూడాలి అని చెప్పి కూర్చున్నాను. ముందు బల్ల మీద దళసరి అట్టల ఆల్బమ్ ఒకటి ఉంది. తెరిచాను. తలలు లేని పొట్టలు, పేజీకి రెండు: ఆపరేషన్‌కు ముందు, తర్వాత. ముందు ఫొటోల్లో వెలుతురు రకరకాలుగా ఉంది, కొన్నిట్లో దీపం వెలుగు, కొన్నిట్లో మసక. తర్వాత ఫొటోలు ముప్ఫై ఒకటి లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటింటిలోనూ ఎండ ఏటవాలుగా పక్క కిటికీలోంచి పడుతోంది. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లలో ఒక్కరికి కూడా సాయంత్రం కాలేదు.

మళ్లీ మొదటి నుంచి తిప్పుతుంటే, పద్నాలుగో పేజీ దగ్గర మా కోడలు నా చేయి పట్టుకుని ఆపింది. కుడి తుంటి మీద రూపాయి బిళ్లంత పుట్టుమచ్చ.

"ఇది నేనే అత్తయ్యా."

అడిగారా నిన్ను అన్నాను. చాలా సంతకాలు పెట్టించారు, వాటిలో ఇదీ ఒకటై ఉంటుంది అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది చూసే నాకు ఒళ్లు మండింది.

అయిదూ పదికి సర్జను బయటికి వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. ఎవరినీ కసురుకోని మనిషి. అలాంటివాళ్లతో దెబ్బలాడడం కష్టం. లోపలికి పిలిచి, నా పట్టిక తీసుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, అమ్మగారూ, సాయంత్రాలు వాపు రావడం సహజమండీ, ఆరు నెలల దాకా ఉంటుంది, ఇంట్లో ఇలా కొలుస్తూ కూర్చుంటే కంగారు పెరుగుతుంది అన్నాడు.

"వాపు సహజమే కావచ్చు," అన్నాను. "వాపు లోపల ఏముందో చూడకపోవడం సహజం కాదు."

ఆయన చిరునవ్వు చెదరలేదు. సరే చూద్దాం, పడుకోమ్మా అని బల్ల చూపించాడు. సిస్టర్ దుప్పటి సర్దింది. ఆవిడ నడివయసు దాటిన మనిషి, ఆ గదిలో ఆయన కంటే ఎక్కువకాలం పనిచేసినట్టుంది. మా కోడలు బల్ల వైపు ఒక అడుగు వేసి ఆగింది. తొమ్మిది వారాలుగా ప్రతి కాగితానికీ తల ఊపిన మనిషి ఆమె. నేను నోరు తెరవబోయాను. అవసరం లేకపోయింది.

"పడుకోనండీ. నిలబడే ఉంటాను, ఇలాగే చూడండి."

పడుకుంటేనే సరిగ్గా తెలుస్తుందమ్మా అన్నాడు.

"నేను బస్సు పడుకుని నడపను సార్."

సిస్టర్ తల వంచుకుంది, నవ్వు దాచుకోవడానికనుకుంటాను. మా కోడలు బెల్టు కొక్కేలు ఒక్కొక్కటే తీసింది. పొట్ట బెల్టులోంచి బయటికి జారింది. ఎవరూ ఏమీ అనకముందే సిస్టర్ ముందుకొచ్చి, ఒక పక్క అరచేయి ఆనించి, ఇంకో పక్క వేలితో తట్టింది. నేను చేసినట్టే. తర్వాత సర్జను మొహంలోకి చూసింది. ఆయన వచ్చి తానూ తట్టి చూశాడు. చిరునవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. స్కాన్ మిషను తీసుకురమ్మన్నాడు. తెర మీద చర్మానికీ కండరానికీ నడుమ, కుడివైపు దిగువన, నల్లగా ఒక చెరువు కనిపించింది.

సూది గుచ్చి, గొట్టం తగిలించి, నీరు తీశారు. తేనె రంగులో, పలుచగా వచ్చింది. గీతలున్న సీసాలోకి పట్టారు. సిస్టర్ సీసాను పైకెత్తి పట్టుకుని నాలుగు వందల మిల్లీలీటర్లు అంది. నేను వంగి, మట్టానికి కన్ను సమంగా పెట్టి చూశాను. మూడు వందల ఎనభై. ఆవిడ మళ్లీ చూసి దిద్దుకుంది. మా కోడలు నా భుజం పట్టుకుని నిలబడి, ఊపిరి పూర్తిగా పీల్చి వదిలింది. అంత నిండైన ఊపిరి నేను రెండు నెలలుగా వినలేదు.

సర్జను చేతి తొడుగులు తీసేస్తూ, కొంతమంది శరీర తత్వం అలా ఉంటుందనీ, నీరు చేరడం ఎవరి తప్పూ కాదనీ, చీము పట్టకముందే తీసేశామనీ, మంచి సమయానికే వచ్చారనీ అన్నాడు.

"నీరు చేరడం మీ తప్పని నేననలేదు," అన్నాను. "మంచి సమయానికి కాదు డాక్టరుగారూ, మీరు రావద్దన్న సమయానికి వచ్చాం."

నేను సర్టిఫికెట్టు నకలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఇది రద్దు చేసి వేరేది రాయమన్నాను. తప్పకుండా, ఇంకో ఆరు వారాలు విశ్రాంతి అని రాస్తాను అన్నాడు. అది చాలదు, మొదటిది పొరపాటని కూడా రాయాలి, ఆ రోజు ఎన్ని గంటలకు చూశారు, పడుకోబెట్టి చూశారా, నిలబెట్టి చూశారా అన్నది కూడా రాయాలి అన్నాను. ఆయన నీళ్లు నమిలాడు. పరీక్ష చేసిన గంట ఎవరూ రాయరండీ, అలాంటి పద్ధతి లేదు అన్నాడు. నా ముద్ర పక్కన తేదీ, వేళ, వాడిన రాయి నంబరు ఉండేవి, చేపల కాటాకే ఉండేవి అని చెప్పాను. ముద్ర వేళ లేకుండా వేస్తే ఏమవుతుందో నాకు తెలుసని కూడా చెప్పాను. ఎలా తెలుసో చెప్పలేదు. ఆయన కలం చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. హాలులో కొత్తవాళ్లు ఎదురుచూస్తున్నారని ఫోను అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి చెప్పింది. నేను కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను.

ఆయన రాశాడు. ఉదయం తొమ్మిదిన్నరకు, పడుకున్న స్థితిలో చేసిన పరీక్షను బట్టి ఇచ్చిన యోగ్యతా పత్రం సరైనది కాదు. సాయంత్రం అయిదూ ఇరవైకి, నిలబడిన స్థితిలో చేసిన పరీక్షలో ద్రవం చేరినట్టు తేలింది. వాహనం నడపకూడదు. చదివి, తేదీ చూసి, సంతకం చూసి, మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బయటికొచ్చాక మా కోడలు బల్ల దగ్గర ఆగి ఆల్బమ్ తెరిచింది. పద్నాలుగో పేజీ తొడుగులోంచి తన ఫొటో బయటికి లాగింది. వెనకే వచ్చిన సర్జను, అవి కొత్తగా వచ్చేవాళ్లకు ధైర్యం ఇవ్వడానికమ్మా అన్నాడు. అక్కడ ముగ్గురు కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లకు వినపడాలని ఆమె గొంతు పెంచలేదు, వినపడకూడదని తగ్గించనూ లేదు.

"నాకు ధైర్యం కాదు సార్ కావలసింది. సాయంత్రానికి ఇలా అవుతుంది, ఇంతకు మించితే వెంటనే రా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే నాలుగో వారంలోనే వచ్చేదాన్ని. నా కాలు బ్రేకు మీంచి జారేది కాదు."

ఆ ముగ్గురిలో ఒకామె లేచి వచ్చి, పక్కకు తీసుకెళ్లి, ఏమైందమ్మా అని అడిగింది. మా కోడలు దాచుకోకుండా అంతా చెప్పింది. ఆపరేషన్ చేయించుకోవద్దని చెప్పలేదు. తనకు నడుము నొప్పి నిజంగానే తగ్గిందనీ, లేస్తే ఇప్పుడు పొట్టలో మిట్ట రావడం లేదనీ కూడా చెప్పింది. చేయించుకుంటే సాయంత్రం చూపించుకోండి అని మాత్రం చెప్పింది.

మంగళవారం డిపోకు నేనూ వెళ్లాను, గేటు దాకా. కాగితం రెండుసార్లు చదివి కంట్రోలరు, ఇది ముందే తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా అన్నాడట. అప్పుడు కాగితం లేదు సార్, నేను మాత్రం ఉన్నాను అని ఆమె చెప్పి వచ్చింది. పేరు జాబితాలోనే ఉంది. ఆ టీ గ్లాసువాడు ఆమెను చూసి పలకరించబోయాడట. ఆమె ఆగకుండా గేటు వైపు నడిచింది.

తర్వాత రెండుసార్లు నీరు తీశారు. రెండు వందల పది. అరవై. రెండుసార్లూ సాయంత్రమే వెళ్లాం, రెండుసార్లూ ఎవరూ అడ్డు చెప్పలేదు. అయితే వాళ్లిచ్చే కాగితంలో ఎనిమిది గంటల నియమం ఇంకా అలాగే ఉందని సిస్టర్ నాకు చెప్పింది. అందుకే పట్టిక నకలు, రెండు సర్టిఫికెట్ల నకళ్లు, తిప్పి పంపిన ఆ సాయంత్రపు ఫొటో జతచేసి, వైద్యుల మీద విచారణ చేసే మండలికి ఫిర్యాదు రాశాను. సర్జను మీద కసితో రాయలేదు. ఆల్బమ్‌లో ఇంకా ముప్ఫైమంది ఉన్నారు, వాళ్లకు సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో ఎవరూ అడగలేదు, అడగమని రాశాను. జవాబు రాలేదు. తనిఖీ చేశాము, సరిగ్గా ఉన్నది అని వస్తే మళ్లీ రాస్తాను. ఆ చేపల ఇల్లాలు ఐదుసార్లు తిరిగింది.

ఒక పని మిగిలిపోయింది. మూడోసారి నీరు తీయించి వచ్చిన రోజున అందరం భోజనానికి కూర్చున్నాం. వంటలో ఉప్పు మళ్లీ వచ్చిందని పిల్లలు సంబరపడుతున్నారు. ఆ మాట పిల్లల ముందే అన్నాను కనుక, పిల్లల ముందే తీసుకోవాలి. కంచం పక్కకు జరిపి, అమ్మాయ్, ఆపరేషన్‌కు ముందు ఇదే బల్ల దగ్గర నిన్నొక మాట అన్నాను, అది తప్పు మాట, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. మా వాడు తినడం ఆపేశాడు. పిల్లలిద్దరూ, ఏ మాట నానమ్మా అని ఒకేసారి అడిగారు.

మా కోడలు గోడ గడియారం చూసి, చేయి కడుక్కుని వచ్చి, నా ఎదుట నిలబడి, బెల్టు కొక్కేలు విప్పడం మొదలుపెట్టింది.

"ఈ రోజు అయిదింటిది మరిచిపోయాం అత్తయ్యా," అంది. "ఆలస్యమైందని రాసి పెట్టండి."

నేను టేపు తీశాను. గంట రాశాను. ఎనభై ఎనిమిది.